ఎవులికీ సెప్పొద్దన్న అంకెలు

తుఫాను షెల్టరు కాడ సూదులేత్తన్నారంటే
గంప దించుకుని వరసలో నిలబడ్డాను.
పేరు? మైలపల్లి గున్నమ్మ.
నంబరుందా, అన్నాడు బల్ల కాడి కుర్రోడు.
ఏ నంబరు బాబూ,
రేషనుదా, డ్వాక్రాదా, గేసుబండదా?
ఫోను నంబరు, అన్నాడు.

మా ఇంట్లో ఫోనొకటే.
అది వీరావలెల్లిపోనాది,
మా గుంటల అయ్య సొక్కా జేబులో
పాలిథీను సుట్టుకుని,
తొమ్మిది నెల్ల ఏటకి.
నంబరు ఆడి పేరు మీద.
ఇల్లు ఆడి పేరు మీద.
బోటు సేటు పేరు మీద.
గంపొక్కటే నాది, దానికి కాయితం నేదు.
మరిదికీ ఫోనుంది గానీ
నంబరుకి నలుగురే పడతారట,
అందులో నలుగురన్నదమ్ములూ నిండిపోనారు.
నువ్వు ఇంట్లో ఉండేదానివి గదా వొదినా,
నీకేటి తొందర, అన్నాడు.

ఇంట్లో ఉండేదాన్ని.
గార, శ్రీకూర్మం, సింగుపురం,
ఏ వీధి అరుగు మీద ఏ ముసిల్ది దగ్గుతాదో నాకెరికే.
తడి సేతుల డబ్బులన్నీ నా బొడ్లోనే.

కుర్రోడు మంచోడే.
ఆడి నంబరే కొట్టినాడు.
ఆరంకెలొస్తాయి, అవి సెప్పాల, అన్నాడు.
ఎక్కడికొస్తాయి?
సముద్రం నడుమకి.

కూకున్నాను.
గంపలో కవ్వల్లు మెత్తబడతన్నాయి.
వరసలో మొగోలు
ముందే మూసుకున్న ముక్కుల్ని
ఇంకోపాలి మూసుకున్నారు.

అబద్దమెందుకు,
నా రైక సేతులు బిగువు.
సూదేసేవోడు మొగోడు.
ఎనకాల నలభై మంది.
అంకెలు రాపోతేనే మేలనీ అనిపించినాది.
పైగా ఒకర్తి, ఏయించుకుంటే నెల రాదంది.
ఇంకొకర్తి, వొస్తే ఆగదంది.
మొగోలకేటవుతాదో
ఎవులూ సెప్పలేదు.

ఆడికక్కడ రేవులోనే ఏసేసినారు.
సూది నేనోడు బోటెక్కడానికి నేదని
సేటే దగ్గరుండి ఏయించినాడట.
నా గంపకి సేటు నేడు.

మూడు మాట్లు ఎల్లినాను.
మూడు మాట్లూ ఆరంకెలు నన్ను దాటుకుని
వీరావలెల్లినాయి.
నాలుగోనాడు బోటొడ్డుకొచ్చి
మరిది ఫోనుకి సేసినాడు.
ఒలే, ఎవుడో మోసగాడు
నాకు అంకెలు పంపుతున్నాడు.
ఎవులికీ సెప్పొద్దని అందులోనే రాసున్నాది.
నాను ఎవులికీ సెప్పలేదు, అన్నాడు
గొప్పగా.

పెళ్ళయి ఇరవయ్యేడేళ్ళు.
నాకాడ దాసిన సంగతుల్లో
ఇదొక్కటే ఆడంతటాడు ఒప్పుకున్నాది.

ఆశా తవిటమ్మ తన సొంత ఫోను తెచ్చినాది.
నలుగురే, అన్నాది.
మేం పదకొండుమందిమి.
ఎవులు ముందు అని కొట్టుకోలేదు.
ఒడ్డున సేపకి వాటాలేసేవోలకి
అదేటి తెలీదా?
ఒకర్తి గవ్వ, ఒకర్తి గాజుముక్క,
మాయత్త కొర్లమ్మ తాటాకుపుల్ల,
నాను బొత్తాం.
తవిటమ్మ కొంగులో కలిపినాది.
దాని సిన్నగుంట కళ్ళు మూసుకుని తీసినాది.

నా బొత్తాం కొంగులోనే ఉండిపోనాది.
మాయత్త పుల్ల పైకొచ్చినాది.
ముసిల్ది పుట్టి బుద్దెరిగి రైకెరగదు,
దాని బుజం ఎప్పుడూ బుజంలాగే ఉన్నాది.
గబగబా ఎల్లి కుర్సీలో కూకున్నాది.
నొప్పెట్టిందా మామ్మా, అన్నాడు సూదోడు.
ఏడు కాన్పులోయ్, అన్నాది.
వరసంతా నవ్వినాది.
నానూ నవ్వినాను,
ఏడుపొచ్చినా.

ఆ రేత్రి మల్లా ఫోను.
ఆ అంకెలు సెప్పు, అన్నాను.
ఎందుకే, అయి సచ్చిపోనాయి.
సెప్పు.
నాలుగు. తొమ్మిది. సున్నా. సున్నా. రెండు. ఏడు.
నాకు సదువు రాదు.
వెయ్యి కవ్వల లెక్క నోటి మీదే సెప్తాను.
మల్లా సెప్పమన్నాను.
మల్లా సెప్పినాడు, ఈపాలి మెల్లగా.

పొద్దున్నే గంపెత్తుకుని
గార దారిలో
అడుగుకొక అంకె ఏసుకుంటా ఎల్లినాను.
సున్నా కాడ ఆగినాను.
ఇంకో సున్నా కాడ మల్లా ఆగినాను.